నీ ముప్పై పాటల ఫోల్డరు

రఘూ,

మూడు వారాలుగా నీకు రాయాలనుకుంటూనే ఉన్నాను. ఆలస్యానికి కారణం నా పాత మ్యూజిక్ ప్లేయరు. వెనక మెరిసే మూత మీద లోతైన గీత ఒకటి ఉండేది, గుర్తుందా? బస్సు దిగుతూ నువ్వు జారవిడిచినప్పుడు పడిన గీత. ఆ రోజు నాకన్నా నువ్వే ఎక్కువ బాధపడ్డావు. అది మళ్లీ పాడుతోందిరా! ఈ మాట ఫోన్లో చెప్పి ముగించబుద్ధి కాలేదు. అందుకే ఇంత కాగితం తీసుకుని కూర్చున్నాను.

ఆరేళ్లు సొరుగులో పడి ఉంది. ఛార్జింగ్ పెడితే తెర వెలిగేది, లోపల టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చేది, అంతే. ఆ చప్పుడు హార్డ్ డిస్క్‌ది. 1.8 అంగుళాల బుల్లి డిస్క్. 2001లో యాపిల్ వాళ్ల మొదటి ఐపాడ్ 5 గిగాబైట్లతో వచ్చినప్పుడు అందులో ఉన్నదీ ఆ కొలత డిస్కే. జేబులో గిరగిరా తిరిగే డిస్క్ మన నడకకు, పరుగుకు ఎలా తట్టుకునేదో అప్పట్లో మనకు తెలియదు. అసలు సంగతేమిటంటే అది ఎక్కువసేపు తిరగదు. రాబోయే కొన్ని పాటలను ఒక్కసారిగా చదివి చిప్‌లోకి ఎక్కించి ఆగిపోతుంది. ఆ మొదటి ఐపాడ్‌లో అందుకోసం 32 మెగాబైట్ల చోటు ఉండేది, దాంతో సుమారు 20 నిమిషాల పాట నడిచేది. కుదుపుకు పాట తెగకపోవడం, బ్యాటరీ మిగలడం, రెండూ ఒకే ఉపాయంతో సాధించారు. ఎవరు ఆలోచించారో గానీ, వాళ్లకు నమస్కారం పెట్టాలనిపించింది.

చావుబతుకుల్లో ఉన్న డిస్క్ నుంచి పాటలను రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి తీశాను. తర్వాత మూత విప్పాను. బ్యాటరీ కొంచెం ఉబ్బి ఉంది. నీ దగ్గర పాతవేమైనా ఉంటే ఈ ఒక్క విషయం గుర్తుంచుకో: ఉబ్బిన లిథియం బ్యాటరీకి లోహపు మొన తగలకూడదు, చిల్లు పడితే మంటలు రావచ్చు. నేను పల్చని ప్లాస్టిక్ ముక్కతో ఊపిరి బిగబట్టి మెల్లగా లేపాను. కొత్త బ్యాటరీ వేసి, డిస్క్ ఉన్న చోట మెమరీ కార్డు పట్టే చిన్న బోర్డు పెట్టాను. ఇప్పుడు లోపల తిరిగేది ఏదీ లేదు. చేతిలో పట్టుకుంటే బరువు తగ్గినట్టు తెలుస్తోంది. నిజం చెప్పాలంటే, పాట మొదలయ్యే ముందు వేలికి తగిలే ఆ సన్నని అదురు లేని లోటు కూడా తెలుస్తోంది.

ఇక అసలు విషయం. పాటలు తీస్తుంటే 'రఘు' అనే ఫోల్డరు కనబడింది. నీ మొదటి ప్లేయరులోని పాటలన్నీ నాకు కాపీ చేసి ఇచ్చావు చూడు, అవే. ఆ ప్లేయరు 128 మెగాబైట్లది, సన్న బ్యాటరీ ఒకటి వేస్తే నడిచేది. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు ఉంటే మనం 128 కిలోబిట్లకు కుదించేవాళ్లం. పదకొండో వంతు! అంత పిండినా 30 పాటలు, మహా అయితే ఇంకో రెండు. 1998లో కొరియా నుంచి ఎంపీమ్యాన్ అనే ప్లేయరు వచ్చినప్పుడు అందులో 32 మెగాబైట్లే కాబట్టి, దాని పక్కన నీది ధనిక ప్లేయరే. అయినా కొత్త పాట ఎక్కాలంటే పాతది దిగాల్సిందే. ఏ పాట దింపాలని మనం మెట్ల మీద కూర్చుని వాదించుకున్న సాయంత్రాలు ఎన్ని! ఆ 30 పాటలూ వరుసతో సహా ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. ఒకటి అయిపోగానే రెండోది మొదలుకాక ముందే నా నాలుక దాన్ని ఎత్తుకుంటుంది.

మిగతా రెండు వేల పైచిలుకు పాటలకు పేర్లు సరిచేస్తూ కూర్చున్నాను. ఇదే ఎక్కువ కాలం తిన్న పని. 'ట్రాక్ 03', 'ట్రాక్ 07' అని ఉన్నవే సగం. తెలుగులో రాద్దామంటే ప్లేయరు తెర మీద గళ్లు గళ్లుగా కనబడింది. లోపలి సాఫ్ట్‌వేర్ మార్చాక అక్షరాలు వచ్చాయి గానీ ఒత్తులు, గుణింతాలు చెదిరి పక్కపక్కన పడ్డాయి. అక్షరాల బొమ్మలు ఉంటే చాలదట, వాటిని ఒకదానికొకటి అతికించే తెలివి కూడా యంత్రానికి ఉండాలట. మన పాట పేరు మన లిపిలో చూసుకోలేకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. చివరకు అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను.

నీ ఫోల్డరు మాత్రం ముట్టుకోలేదు. పల్లవి సరిగా వినబడక నువ్వు తప్పుగా రాసిన పేర్లు అలాగే ఉన్నాయి. ఒకదానికి 'వాన రోజు పాట' అని పెట్టావు. దాని అసలు పేరు, పాడినవారి పేరు ఇప్పుడు నాకు తెలుసు. అయినా అది నాకు వాన రోజు పాటే.

అన్ని పాటలూ ఫోన్లోనే దొరుకుతాయి కదా అని నువ్వు అంటావు. దొరుకుతాయి, నేనూ వింటాను. కానీ అక్కడ దాచుకున్న పాట ఒకటి, నెలల తరబడి రోజూ విన్నది, ఒక ఉదయం బూడిదరంగులోకి మారిపోయింది. హక్కుల ఒప్పందం ముగిసిందట. ప్లేయరులో ఉన్న ఫైలును అలా ఎవరూ తీసుకుపోలేరు. ఇంకోటి, బటన్లు. జేబులో చెయ్యి పెట్టి, కళ్లతో చూడకుండా పాట మార్చడం నా బొటనవేలు మర్చిపోలేదు.

నాణ్యత గురించి పోయినసారి అడిగావు. ఒకే పాటను ఫ్లాక్‌లో (నాణ్యత ఏమీ పోకుండా కుదించే ఫైలు రకం), 320 కిలోబిట్ల ఎంపీ3లో పెట్టి, ఏది ఏదో తెలియకుండా 20 సార్లు విన్నాను. 11 సార్లు సరిగ్గా చెప్పాను. అంటే గుడ్డిగా చెప్పినా దాదాపు అన్నే వచ్చేవి. 128 కిలోబిట్లయితే తాళాల చివరి మోతలో తెలిసిపోతుంది. కాబట్టి కంప్యూటర్‌లో ఫ్లాక్ దాచుకో, అందులోంచి ఎప్పుడు ఏ రూపం కావాలన్నా చేసుకోవచ్చు. ప్లేయరులోకి ఎంపీ3 చాలు. కచేరీ రికార్డింగులు మాత్రం ఫ్లాక్‌లోనే ఎక్కించు. ఎంపీ3 ఫైలు మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది. దాన్ని కత్తిరించడం తెలియని ప్లేయరైతే చప్పట్ల మధ్యలో పాట తెగి, మళ్లీ అతుక్కుంటుంది. నాకది ప్రాణం మీదకు వస్తుంది.

చెవిలో గుయ్యిమంటోందని రాశావే, అది చదివి భయపడ్డాను. ముందు డాక్టరుకు చూపించు. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ మోతకు వారానికి 40 గంటలు హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 92కు వెళితే వారమంతటికీ రెండున్నర గంటలే! నువ్వు బస్సులో రోజూ బయటి రొదను మించేలా పెంచుకుంటావు, నాకు తెలుసు. ఇయర్‌ఫోన్లకు చెవిలో బిగుతుగా పట్టే రబ్బరు తొడుగులు వేసుకో. బయటి శబ్దం తగ్గితే సగం వాల్యూమ్‌కే అన్నీ వినబడతాయి, కింది స్వరాలు కూడా నిండుగా వస్తాయి.

కార్డులో ఇంకా బోలెడు చోటుంది. నీ పేరు మీద రెండో ఫోల్డరు చేసి ఖాళీగా ఉంచాను. ఈ మధ్య నువ్వు వింటున్నవి పంపు. 30 పాటలే, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. ఏది దింపాలో తేలకపోతే నాకు ఫోన్ చెయ్యి, వాదించుకుందాం. పేర్లు నీకు ఎలా వినబడితే అలాగే రాయి.

నీ
శ్రీను