సీసాకు కాగితం చుట్టి రుచి చూడండి

సంపాదకులకు,

సెలవుల విందులకు వైన్ ఎంచుకోవడంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. విషయం మంచిదే. కానీ అందులోని రెండు సలహాలు కొత్తగా కొనేవాళ్ల డబ్బు వృథా చేయిస్తాయి. ధర పెరిగేకొద్దీ రుచి పెరుగుతుందన్నది ఒకటి, రెడ్ వైన్‌ను గది వేడిమిలోనే పోయాలన్నది రెండోది.

రెండోది ముందు చూద్దాం. ఆ సలహా ఇళ్లలో హీటర్లు లేని కాలపు యూరప్‌ది. 25 డిగ్రీలు దాటిన రెడ్ వైన్‌లో ఆల్కహాల్ ఘాటే ముక్కుకు తగులుతుంది, పండు వాసన దాని కింద అణగిపోతుంది. చిక్కటి రెడ్‌కు 16–18 డిగ్రీల సెల్సియస్, బోజొలే వంటి పలుచటి రెడ్‌కు 12–14, వైట్‌కు 8–12, బుడగలొచ్చే స్పార్క్లింగ్‌కు 6–8 సరిపోతాయి. కాబట్టి గది వెచ్చగా ఉంటే రెడ్‌ని కూడా పోసే ముందు ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. మరీ చల్లబడితే రెడ్‌లో వగరు పైకి తేలుతుంది. వైట్‌లోనైతే మంచి వాసనతో పాటు లోపాలూ దాక్కుంటాయి, అందుకే రుచి చూసి ఎంచుకునేటప్పుడు వైట్‌ని పావుగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీయాలి. వ్యవధి లేకపోతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసాను మెడదాకా ముంచండి, 20 నిమిషాల్లో పని అయిపోతుంది. వట్టి ఐసైతే ముక్కల మధ్య గాలి ఉంటుంది కనుక చాలాసేపు పడుతుంది. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే వైన్ గడ్డకట్టి ఉబ్బుతుంది, బిరడా పైకి వచ్చేస్తుంది, సీసా పగిలినా పగలొచ్చు.

ఇక ధర. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి ఏర్పాటు చేసిన పోటీలో ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలు లేబుళ్లు చూడకుండా రుచి చూసి, రెడ్‌లోనూ వైట్‌లోనూ కాలిఫోర్నియా వైన్లకే మొదటి స్థానం ఇచ్చారు. ఎదురుగా ఉన్నవి ఫ్రాన్స్‌లోని బోర్డో, బర్గండీల పేరుమోసిన సీసాలు. అంతటివాళ్ల తీర్పే లేబుల్ దాచేసరికి అలా మారినప్పుడు మన నాలుక లేబుల్‌కి లొంగదనుకోవడం పొరపాటు.

ధరలో ఏముందో విడదీసి చూస్తే ఎక్కడ కొనాలో తెలుస్తుంది. సీసా, బిరడా, లేబుల్, రవాణా ఖర్చులు చవక వైన్‌కీ ఖరీదైనదానికీ దాదాపు ఒకటే. అందుకే అన్నిటికన్నా చవకైన సీసాలో వైన్‌కి దక్కే వాటా చాలా తక్కువ. దాని కన్నా ఒక మెట్టు పైకెళ్తే, అదనంగా పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం ద్రాక్షకే పోతుంది. ఇంకా పైకెళ్లేకొద్దీ కొత్త ఓక్ పీపాలు, భూమి విలువ, పేరుప్రతిష్ఠలు ధరలో చేరతాయి. 225 లీటర్ల పీపాకు వచ్చేవి 300 సీసాలే. రోజువారీకి ఆ రెండో మెట్టే సరైన చోటు. సీసా బరువుగా ఉండటం, అడుగున లోతైన గుంట ఉండటం నాణ్యతకు గుర్తులు కావు.

రుచి చూడటానికి ఒకే రకం వైన్లు నాలుగు తీసుకోండి. మెడ మీది రేకు పూర్తిగా ఒలిచి, బిరడాలు పక్కన దాచి, సీసాలకు కాగితం చుట్టి అంకెలు వేయించండి. పోసేవాళ్లు వేరొకరైతే మేలు. ఒక్కో గ్లాసులో 50 మిల్లీలీటర్లు చాలు, 750 మిల్లీలీటర్ల సీసా పదిహేను మందికి వస్తుంది. గ్లాసులన్నీ ఒకే ఆకారంలో, పైన కాస్త ముడుచుకుని ఉండాలి. ఆ గదిలో అత్తరు, అగరొత్తుల వాసన ఉండకూడదు. ముందు కదపకుండా వాసన చూసి, తర్వాత తిప్పి మళ్లీ చూడండి. ఒక గుక్క నోట్లోకి తీసుకుని ఐదారు సెకన్లు అటూ ఇటూ తిప్పి ఉమ్మేయండి. నోట్లో నీరు ఊరితే పులుపు ఉన్నట్టు, చిగుళ్లు బిగుసుకుంటే వగరు, గొంతు వేడెక్కితే ఆల్కహాల్. ఉమ్మాక రుచి ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టండి. మూడు నాలుగు సెకన్లలో మాయమైతే అది సాదా వైన్. పది దాటి నిలిచి, ఆ నిలిచింది చేదు కాక పండు రుచే అయితే మంచి బేరం.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. డ్రై, అంటే తీపి లేనిది, అని అమ్మే చవక వైన్లు కొన్నింటిలో లీటరుకు ఏ పది గ్రాములో చక్కెర మిగిల్చి ఉంచుతారు. మొదటి గుక్కలో అదే నెగ్గుతుంది, రెండో గ్లాసుకు మొహం మొత్తుతుంది. అందుకని వేసిన మార్కులు పక్కనబెట్టి, గంట తర్వాత అవే వైన్లను భోజనంతో మరోసారి చూడండి. వరుస తారుమారవుతుంటుంది. పులుపు బాగున్న వైన్ భోజనంతో పైకి వస్తుంది. వంట కారంగా ఉంటే వగరు, ఆల్కహాల్ ఎక్కువున్న రెడ్ మంటను పెంచుతుంది, కాస్త తీపి ఉన్న తేలికపాటి రీస్లింగ్ అనే వైట్ నయం. ఉమ్మడం అమర్యాదేమీ కాదు. నాలుగు రకాలూ మింగితే 200 మిల్లీలీటర్లు, అంటే గ్లాసుకు పైనే. ఎంత తక్కువైనా మద్యం పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది కూడా.

తడిసిన అట్టపెట్టెలా ముక్కిపోయిన వాసన వస్తే అది బిరడా దోషం. టీసీఏ అనే రసాయనం లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా చాలు. గాలి తగిలినా అది పోదు, సీసా మార్చుకోవాల్సిందే. దోషం స్వల్పంగా ఉంటే వాసన తెలియదు, పండు రుచి మాత్రం చచ్చిపోతుంది. అప్పుడు ఆ వైన్‌నే పనికిరానిదని కొట్టిపారేస్తాం. కుళ్లిన గుడ్డు వాసనైతే గ్లాసు తిప్పుతుంటే చాలాసార్లు పోతుంది. బిరడా పైకి పొడుచుకొచ్చి ఉంటే ఆ సీసా ఎక్కడో వేడికి గురై ఉండొచ్చు, కొనకండి.

స్పార్క్లింగ్‌లో స్పెయిన్ కావా, ఫ్రాన్స్ క్రెమాన్ వైన్లు షాంపేన్ పద్ధతిలోనే సీసాలో రెండోసారి పులిసినవి, కనీసం 9 నెలలు ఈస్టు మడ్డి మీద ఉన్నవి. పండ్ల రసాల్లో కలపడానికైతే ట్యాంకులో పులియబెట్టే ఇటలీ ప్రొసెకో చాలు. తీపి ఎంతో చెప్పే లేబుల్ మాటల్లో మీ వ్యాసంలోని పట్టిక ఎక్స్‌ట్రా డ్రైని బ్రూట్ కన్నా తీపి తక్కువగా చూపింది, అది తిరగబడింది. బ్రూట్‌లో చక్కెర లీటరుకు 12 గ్రాముల లోపు, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17. దయచేసి సవరణ వేయండి. రెడ్‌లో స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు క్రియాంజా తరగతి మంచి విలువ, కనీసం ఒక ఏడాది పీపాలో ఉండాలన్నది అక్కడి నియమం. రిజర్వ్ అన్న మాటకు చాలా దేశాల్లో అలాంటి నియమమేదీ లేదు. పోర్చుగల్‌లోని దౌరు, దావ్ ప్రాంతాల రెడ్‌లు, దక్షిణాఫ్రికా వైట్ షెనిన్ బ్లాంక్ కూడా పేరుకు మించిన రుచినిస్తాయి. రోజువారీ వైట్‌కు, గులాబీ రంగు రోజే వైన్‌కు దొరికినవాటిలో ద్రాక్ష కోసిన సంవత్సరం అన్నిటికన్నా కొత్తదైనదే తీసుకోండి.

విందుకైతే ముందు ఒక్క సీసా కొని రుచి చూసి, నచ్చాకే పెట్టె కొనండి. సీసాకు 150 మిల్లీలీటర్ల చొప్పున ఐదు గ్లాసులు. స్పార్క్లింగ్ సీసాలో పీడనం 5–6 అట్మాస్ఫియర్లు ఉంటుంది. తీగ విప్పింది మొదలు బొటనవేలు బిరడా మీదే ఉంచి, సీసాను మనుషుల వైపు కాకుండా వంచి, బిరడాను గట్టిగా పట్టుకుని సీసాను తిప్పండి. మిగిలిన వైన్‌ను, రెడ్ అయినా సరే, చిన్న సీసాలోకి నిండుగా వంపి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు బాగుంటుంది. స్పార్క్లింగ్‌కు బిగుసుకునే ప్రత్యేక మూత కావాలి. సీసా మెడలో చెంచా వేస్తే గ్యాసు ఆగదు.

— ఒక పాఠకుడు