వెతకడం కూడా నేర్పాలి

సంపాదకులకు,

పిల్లలకు ఇంటర్నెట్ పుట్టుకతోనే వచ్చు, మనం నేర్పేదేముంది అని తోటి టీచర్లే అంటుంటారు. నాకలా అనిపించదు.

బుధగ్రహం గురించి వెతకమంటే, ‘మెర్క్యురీ’ అని కొట్టిన మా ఏడో తరగతి పిల్లల్లో కొందరు పాదరసం గురించి రాసుకొచ్చారు. ఇంగ్లిషులో రెండింటికీ అదే పేరు మరి. మొదట కనిపించిన లింకు తెరవడం, ఉన్నది ఉన్నట్టు దించేయడం! పైన వచ్చేవాటిలో కొన్ని డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలని వాళ్లకు తెలియదు. (మా స్టాఫ్ రూములోనూ కొందరికి తెలియదు లెండి.) మర్నాడు పాఠం పక్కనపెట్టి వెతకడమే నేర్పాను. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టిన మాటలు అదే వరసలో ఉన్న పేజీలే వస్తాయి. అక్కర్లేని మాటకు ముందు, ఖాళీ వదలకుండా మైనస్ గుర్తు పెడితే ఆ మాట ఉన్న పేజీలు తప్పుకుంటాయి. పాదరసం అలాగే పోయింది. రెండు పేజీలు పోల్చి చూడటం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

ఈమెయిల్‌తో తిప్పలు నావే. తల్లిదండ్రులందరి అడ్రసులూ ‘టు’ గడిలో పెట్టి పంపేశాను. అందరివీ అందరికీ తెలిసిపోయాయి! వారం రోజులు క్షమాపణలతోనే సరిపోయింది. ఒకరి అడ్రసు ఇంకొకరికి కనబడకుండా పంపడానికే ‘బీసీసీ’ గడి ఉందని అప్పుడే తెలిసింది. హోంవర్క్ మెయిల్లో తీసుకుంటే మాత్రం హాయి. తేదీ, సమయం వాటంతటవే పడతాయి, ‘నిన్ననే ఇచ్చాను టీచర్’ అన్న వాదన ఉండదు.

కంప్యూటర్లు కొనే యాజమాన్యాలు టీచర్ల శిక్షణకు కనీసం రెండు రోజులైనా కేటాయించాలని నా విన్నపం.

– ఒక ఉపాధ్యాయురాలు