అద్దాలతో సహా దింపించండి

సంపాదకుడు గారికి,

కిందటి నెల మా వీధి చివర ఒక పాత మండువా ఇల్లు పడగొట్టారు. వాళ్ళ ఇల్లు, వాళ్ళ ఇష్టం, దానికి నాకు పేచీ లేదు. నా బాధంతా లోపలి గదులకున్న రెండు జతల అద్దాల తలుపుల గురించి. కింద సగం టేకు చెక్క, పై సగం పాలరంగు అద్దం, దాని మీద పూలకుండీ, అటూ ఇటూ తీగలు. చిన్నప్పుడు మజ్జిగ కోసం ఆ ఇంటికి వెళ్ళి, ఎవరూ చూడకుండా ఆ తీగల వెంట వేలు పోనిచ్చేవాణ్ణి. పువ్వు దగ్గర నున్నగా, చుట్టూ మెత్తటి గరుకు. లోపల లాంతరు వెలిగిస్తే మనిషి కనిపించడు గాని, కిటికీ లేని నడిమి గదికి ఆ వెలుతురే దిక్కు.

పనివాళ్ళు ఆ అద్దాల్ని గునపంతో పొడిచేశారు. "టేకుకైతే అడుగుల లెక్కన డబ్బులొస్తాయి, అద్దానికి ఎవడిస్తాడండీ" అన్నాడు మేస్త్రి. అతన్ని అనేదేముంది? బీడింగ్ మేకులు పీకి, రాయిలా బిగిసిన లప్పం గీకి ఒక్కో అద్దం దింపాలంటే పూట గడిచిపోతుంది. ఆ పూటకి కూలి ఎవరూ ఇవ్వరు.

అలాంటి అద్దం మళ్ళీ చేయించుకుందామంటే తేలిక కాదు. పాతరోజుల్లో అద్దానికి మైనం లాంటి పూత పట్టించి, డిజైన్ మేరకు గీకేసి, ఆ మేర హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో తినిపించేవారు. ఒంటి మీద పడితే ఎముకదాకా దిగే ఆమ్లం అది. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా దొరికేది శాండ్ బ్లాస్టింగ్ చేసిందే, అంటే ఇసుక లాంటి పొడిని గాలి వేగంతో కొట్టి గరుకు చేసింది, కాదంటే స్టిక్కర్. మా ఇంట్లో ఉన్నదీ స్టిక్కరే లెండి, ఏడాదికే మూల లేచిపోయింది.

ఇక చెక్క సంగతి. మా కాకినాడ వైపు పాత ఇళ్ళకి రంగం (బర్మాలోని రంగూన్) టేకు ఓడల మీద వచ్చేది. బర్మాలో మనవాళ్ళని 'కోరంగీ'లనేవారంటే, అది మా పక్కనున్న కోరంగి రేవు పేరే.

చట్టం లేదా అంటే ఉంది. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం, నూరేళ్ళు నిండి, కట్టడం నుంచి ఊడదీసిన వస్తువు కూడా పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, అమ్మే వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. ఆ ఇల్లు రక్షిత కట్టడం కానక్కర్లేదు. 1920లో బిగించిన తలుపు ఈ లెక్కలోకి వచ్చేసినట్టే. అయినా పాత సామాను షెడ్లలో ఇలాంటి తలుపులు బారులు తీరి ఉంటాయి, ఏ ఇంటివి, ఎన్నాళ్ళవి అని అడిగే నాథుడు లేడు.

మున్సిపాలిటీలు కూల్చివేత అనుమతి కాగితంలో రెండు షరతులు చేర్చాలి. లోపలి తలుపులు, కిటికీల ఫొటోలు దరఖాస్తుతో పాటు ఇవ్వాలి. నూరేళ్ళు పైబడినవని తేలితే పురావస్తు శాఖకి ముందే కబురు చేసి, అద్దాలతో సహా దింపించాలి. అన్నిటినీ మ్యూజియంలో పెట్టమని నేననడం లేదు. లైసెన్సున్నవాళ్ళకి అమ్ముకోనివ్వండి, కొన్నవాళ్ళు తమ ఇంటికి బిగించుకుంటారు.

మా వీధిలో ఇలాంటి ఇళ్ళు ఇంకా రెండున్నాయి. ఒకదానికి మొన్న ఆకుపచ్చ వల కట్టారు.

- ఒక పాఠకుడు, జగన్నాథపురం, కాకినాడ