జీతం లేని ఇంటర్న్‌షిప్ ఎవరికి అందుతుంది?

సంపాదకులకు నమస్కారం.

అట్లాంటాలో 20 ఏళ్లుగా ఉంటున్న తెలుగువాడిగా, అమెరికాలోని నల్లజాతి కళాశాల విద్యార్థుల గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నల్లజాతి విద్యార్థుల కోసం 1867లో మొదలైన మోర్‌హౌస్, 1881లో మొదలైన స్పెల్‌మన్ కళాశాలలు ఈ నగరంలోనే ఉన్నాయి కనుక ఇక్కడ చదువుకు లోటు లేదు. లోటంతా చదువుకూ కొలువుకూ మధ్యనున్న వేసవి సెలవుల్లోనే ఉంది.

కిందటి వేసవిలో మా కార్యాలయానికి ఇంటర్న్‌గా వచ్చిన ఒక విద్యార్థి, తాను అంతవరకు విననైనా వినని ఉద్యోగాల పేర్లను మొదటి వారమంతా నోటుపుస్తకంలో రాసుకున్నాడు. బీమా నష్టాలను లెక్కగట్టే యాక్చువరీ అనే కొలువు ఒకటుందని, గణితమే చదువుతున్న అతనికి మూడో ఏడు దాకా ఎవరూ చెప్పలేదు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలకు ఇలాంటివి చెప్పే పెదనాన్నో మేనమామో ఉండరు. అంతకుముందు ఏడాది అతనికి వేరొకచోట ఇంటర్న్‌షిప్ అవకాశం వచ్చినా, జీతం ఇవ్వబోమని వాళ్లు చెప్పినందున వదులుకుని, గిడ్డంగిలో పెట్టెలు మోశాడట. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

1970లో షికాగోలో మైనారిటీ విద్యార్థులకు కొలువుల దారి చూపేందుకు ఫ్రాంక్ కార్ స్థాపించిన ఇన్‌రోడ్స్ సంస్థ, 25 మంది విద్యార్థులతో, 17 కంపెనీల అండతో మొదలై, జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్‌లనే నమ్ముకుంది. అదే సరైన దారి.

తెలిసినవారి రెఫరల్‌తోనే మనలో అనేకులం ఇక్కడ ఉద్యోగాల్లో కుదురుకున్నాం. నియామకాలు చూస్తున్న మన తెలుగువారు ఈ కళాశాలల కెరీర్ కేంద్రాలకు స్వయంగా ఫోన్ చేసి, జీతమెంతో ముందే చెప్పి, విద్యార్థులను దరఖాస్తు చేసుకోమని పిలవాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, అట్లాంటా