మీరు రాసిన ఆ ఒక్క రాత్రి పదేళ్లు నడిచిందండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో మృణాల్ ఠాకూర్ మీద వేసిన రైటప్ చదివాను, ఫోటోలూ అవీ బాగానే ఉన్నాయి కానీ సీతారామంతో రాత్రికి రాత్రే స్టార్ అయిపోయిందని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అక్కడ ఒళ్లు మండింది. సీతారామం వచ్చింది 2022 ఆగస్టులో, ఆ అమ్మాయి స్టార్ ప్లస్‌లో మొదటి సీరియల్ మొదలెట్టింది 2012లో. చాలా పెద్ద రాత్రే!

మా అమ్మకి హిందీ సగం సగమే వచ్చు, అయినా జీ టీవీలో కుంకుమ్ భాగ్య మాత్రం వదిలేది కాదు. 2014లో మొదలైంది అది, కల్యాణమండపం నడుపుకునే తల్లికి ఇద్దరు కూతుళ్లు, చిన్నది బుల్‌బుల్, అదే మృణాల్. కథంతా అక్క ప్రజ్ఞ చుట్టూనే తిరిగేది, ఈ పిల్ల ఎక్కువగా పక్కన నిలబడి అక్క ఏడిస్తే ఏడవాలి, ఎవరన్నా ఏదన్నా అంటే కెమెరా మొహం మీదికి వచ్చేదాకా కళ్లు పెద్దవి చేసి చూడాలి. సీతారామం టీవీలో వేసిన రోజు మేమంతా హీరో దుల్కర్‌ని చూస్తుంటే మా అమ్మ ఒక్కతే "ఏయ్, ఇది మన బుల్‌బుల్ కదే" అని కేకేసింది.

ఆ సీరియల్ వదిలాక లవ్ సోనియా థియేటర్లకి వచ్చేసరికి 2018 అయింది. అమ్ముడుపోయిన తోబుట్టువుని వెతుక్కుంటూ ముంబై వెళ్లి తనే వ్యభిచార కూపంలో ఇరుక్కుపోయే పల్లెటూరి పిల్ల వేషం. 2019లో సూపర్ 30, బాట్లా హౌస్ నెల తేడాతో వచ్చాయి. ఇంకో సంగతి, మన నాని జెర్సీని అదే డైరెక్టర్ గౌతమ్ తిన్ననూరి హిందీలో తీస్తే అందులో హీరోయిన్ ఈమే, సీతారామానికి మూడున్నర నెలల ముందే వచ్చింది, ఆడలేదు కాబట్టి మనోళ్లెవరికీ గుర్తులేదు.

సీతారామంలో ఆమెకి డబ్బింగ్ చెప్పింది సింగర్ చిన్మయి. అంటే గొంతు ఆమెది కాదు, భాష ఆమెది కాదు, మనల్ని ఏడిపించినవి ఆ కళ్లూ ఆ మొహమే కదా. అది ఎక్కడ నేర్చుకుందంటారు? నన్నడిగితే రోజూ క్లోజప్‌లు ఇచ్చీ ఇచ్చీ ఆ సీరియల్ సెట్‌లోనే అంటాను, సీరియల్ యాక్టింగ్ అని మనం నవ్వుతాం చూడండి, అక్కడే.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే మా అపార్ట్‌మెంట్‌లో ఒకమ్మాయి తెలుగు సీరియల్స్‌లో చెల్లెలు, మరదలు వేషాలు వేస్తుంది. పొద్దున్నే ఆరింటికి క్యాబ్ ఎక్కితే మళ్లీ ఏ రాత్రికో వస్తుంది, డైలాగ్ కాగితం సెట్‌కి వెళ్లాకే చేతిలో పెడతారట. సినిమా ఆడిషన్‌కి వెళ్తే ఒకాయన రోజూ టీవీలో కనపడే మొహం కదమ్మా, జనం టికెట్ కొని చూడరు అన్నాడట. ముంబై సీరియల్ నుంచి వస్తే ఫ్రెష్ ఫేసు, మన సీరియల్ నుంచి వెళ్తే అరిగిపోయిన ఫేసు, ఈ లెక్కేంటో నాకైతే అర్థం కాదు! మీలాంటి పేపర్లు కూడా హీరోయిన్ల గురించి రాసేటప్పుడు సీరియల్ రోజులు చెప్పుకోకూడని విషయంలా దాటేస్తే ఆ ఆడిషన్ ఆయన్ని ఏమనగలం? ఈసారి రాసినప్పుడు ఆ పదేళ్లకి ఓ నాలుగు లైన్లు ఇవ్వండి చాలు.

నిన్న లిఫ్ట్‌లో కనిపిస్తే ఆ అమ్మాయికి మీ పేపర్ కటింగ్ చూపించి ఈమె కూడా సీరియల్ నుంచే వచ్చింది తెలుసా అన్నాను. "నిజంగానా ఆంటీ? ఇందులో లేదే" అంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హైదరాబాద్