ఈ-కుబేర్‌లో ఆగిన బిల్లు కూడా అప్పే

తెలంగాణ ఆర్థిక శాఖ మంత్రి మల్లు భట్టి విక్రమార్క గారికి,

నమస్కారం. 2023 డిసెంబరులో మీరు శాసనసభలో రాష్ట్ర ఆర్థిక పరిస్థితిపై పెట్టిన శ్వేతపత్రం చదివాను. రాష్ట్రం వచ్చేనాటికి 72,658 కోట్లున్న అప్పు, ప్రభుత్వ కార్పొరేషన్ల పేరిట తెచ్చినవి కూడా కలిపితే 6,71,757 కోట్లకు చేరిందన్నారు. దానికి పోటీగా ప్రతిపక్షం, తన పాలన చెమటోడ్చి చేసిందేమిటో చెబుతూ "స్వేదపత్రం" తెచ్చింది. ఆ గొడవ మీరూ మీరూ తేల్చుకోండి. అప్పు చేయడం తప్పని నేననను. ఆ పట్టికల్లోకి ఎక్కని అప్పు ఇంకొకటి ఉంది, పని చేసినవాళ్లకు సర్కారు ఇంకా చెల్లించని బిల్లులు. దాని గురించే ఈ ఉత్తరం.

నాది మండల కేంద్రంలో సిమెంటు, స్టీలు దుకాణం. సీసీ రోడ్లు, సైడు కాలువలు వేసే చిన్న కాంట్రాక్టర్లు, 2024 మొదట్లో పదవి దిగిపోయిన సర్పంచులు నా దగ్గర ఉద్దెర ఖాతాదారులు. పని పూర్తయింది, ఎంబీ (పని కొలతల పుస్తకం) రికార్డయింది, బిల్లుకు వరస నంబరుగా టోకెన్ కూడా పడింది. ఆపైన ఎవరికి ఫోన్ చేసినా ఒకటే జవాబు: "ఈ-కుబేర్‌లో ఉందన్నా." అంటే సర్కారు చెల్లింపులు సాగే రిజర్వు బ్యాంకు కంప్యూటర్ వ్యవస్థలో ఆగిందని.

మంగళవారాల్లో రాష్ట్రాల బాండ్లకు రిజర్వు బ్యాంకు జరిపే వేలంలో రాష్ట్రానికి ఏడు శాతానికి అటూఇటూగా అప్పు పుడుతుంది. బిల్లు ఆగినవాడికి బయట నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. సర్కారు తెచ్చుకోవలసిన అప్పును అతని చేత తెప్పిస్తున్నట్టే కదా! చెల్లించని బిల్లు ఖర్చులో పడదు గనుక ద్రవ్యలోటు (రాబడిని మించిన ఖర్చు) లెక్క మాత్రం చక్కగా కనబడుతుంది.

రాజ్యాంగం 293(3) అధికరణం కింద రాష్ట్రం అప్పు తేవాలంటే కేంద్రం అనుమతి కావాలని, 2022 నుంచి కార్పొరేషన్ల అప్పులనూ పరిమితిలో కలిపేస్తున్నారని తెలుసు. మీ చేతులు కొంత కట్టేసినమాట నిజమే. కానీ ఆ కరువులో ఎవరిని ముందు ఆపాలో ఢిల్లీ చెప్పడం లేదు.

ఇంకో విడ్డూరం వినండి. నేను బిల్లు రాయగానే, డబ్బు వచ్చినా రాకపోయినా, జీఎస్టీ కట్టాలి. సిమెంటు మీద 2025 సెప్టెంబరు 22 దాకా 28 శాతం, ఇప్పుడు 18. అందులో సగం రాష్ట్రానిదే. తాను డబ్బు చెల్లించని కాలువ సిమెంటు మీద రాష్ట్రం పన్ను మాత్రం ముందే తీసేసుకుంది.

వృద్ధి దెబ్బతినేది ఇక్కడే. ఒకసారి దెబ్బతిన్నవాడు మళ్లీ టెండరు వేయడు. వేసినా వడ్డీ కలిపి కోట్ చేస్తాడు, అదే కాలువ సర్కారుకు ఎక్కువ పడుతుంది. చివరికి ఏళ్ల తరబడి ఆగగలిగిన పెద్దవాళ్లే మిగులుతారు.

జీఎస్టీ వచ్చాక మీ చేతిలో గట్టిగా మిగిలినవి మద్యం, ఇంధనం, రిజిస్ట్రేషన్లు. డీజిల్ మీద 27 శాతం వ్యాట్ పెడితే, జహీరాబాద్ మీదుగా వెళ్లే లారీ సరిహద్దు దాటి కర్ణాటకలో ట్యాంకు నింపుకుంటుంది. పన్నూ పోయె, బంకు బేరమూ పోయె. అయినా ఇప్పటికిప్పుడు వ్యాట్ తగ్గించమని అడగను, ఖజానా సంగతి తెలుసు.

అడిగేది ఒక్కటే. పెండింగ్ బిల్లుల జాబితాను శాఖలవారీగా, టోకెన్ నంబరు, తేదీలతో నెలనెలా ఆన్‌లైన్‌లో పెట్టండి. తేదీ వరసలోనే చెల్లించండి, మధ్యలో ఎవరినీ దూర్చకండి. తన వంతు ఎప్పుడో తెలిస్తే ఆ టోకెన్ చూపించి బ్యాంకులోనైనా అడగొచ్చు. రెండు రూపాయల వడ్డీవాడి గడప తొక్కే పని తగ్గుతుంది.

ఇట్లు,
ఒక సిమెంటు దుకాణదారు