రచనా బృందానికి గది ఇప్పించండి: డీన్ గారికి బహిరంగ లేఖ

విద్యార్థి వ్యవహారాల డీన్ గారికి,

నమస్కారం. మా రచనా బృందం వారానికోసారి కూర్చునే సెమినార్ గదిని ఈ టర్మ్ నుంచి ఇవ్వడం కుదరదని కార్యాలయం వాళ్లు చెప్పారు. "కథలు రాసుకోవడానికి గదెందుకు, క్యాంటీన్‌లో కూర్చోండి" అన్నారు. కూర్చుని చూశాం. అక్కడ కవిత చదవాలంటే అరవాలి.

నిజమే, రాయడానికి గది అక్కర్లేదండి. వినడానికి కావాలి. ఒకరి కథ ముందే అందరికీ అందుతుంది, పెన్సిల్‌తో గీతలు గీసుకుని వస్తారు. చర్చ నడుస్తున్నంతసేపూ రాసినవాళ్లు నోరు విప్పకూడదు. "మూడో పేజీలో తల్లి ఎందుకు ఏడ్చింది?" అని ఎవరైనా అడిగితే, జవాబు నాలుక చివర ఉన్నా చెప్పకూడదు. రేపు పాఠకుడి పక్కన కూర్చుని వివరించలేరు కదా! ఆ టెన్షన్ పడ్డవాళ్లు తర్వాతి కథ ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారు. ఇది మేం కనిపెట్టిన పద్ధతేం కాదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం 1936లోనే రచనా వర్క్‌షాప్ పెట్టింది, డిగ్రీలు కూడా ఇస్తోంది. మేం అడుగుతున్నది గది తాళంచెవి మాత్రమే.

ఇంకో మాట. మా పత్రికలో వేసే రచనలు ముందుగా కార్యాలయానికి చూపించాలన్న కొత్త నిబంధన తీసేయండి. అనుమతి కోసం రాసిన కథ ఎంత చప్పగా ఉంటుందో మీకు తెలియంది కాదు.

ఆ గది సాయంత్రం ఐదు తర్వాత ఖాళీగానే ఉంటోంది. ఫ్యాన్లు ఆపి, కుర్చీలు సర్ది, తాళం వేసే బాధ్యత మాది. వచ్చే వారంలోగా అనుమతి ఇప్పించండి. కొత్తగా చేరినవాళ్ల కథలు ఇప్పటికే అందరి చేతుల్లో ఉన్నాయి.

ఇట్లు,
రచనా బృందం సభ్యులు